గోరింటాకు కింది మచ్చ

పార్వతీపురంలో మెయిన్ రోడ్డు మీద నాకొక ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి కాకముందు నుంచీ జనం మొహాల మీద లైట్లు వేసి బతుకుతున్నవాణ్ణి. అంచేత వెలుతురు గురించి నాకు తెలియనిది లేదని కొంచెం పొగరు కూడా ఉండేది. అది సికింద్రాబాద్‌లో దిగింది. దిగినందుకు సంతోషంగానే ఉంది. తిరిగొచ్చిన దగ్గర్నుంచి షాపులోకి ఎవరొచ్చినా ఈ కథే చెబుతున్నాను. పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చినవాళ్లు వాచీలు చూసుకుంటున్నారు. ఇలా రాసి పెట్టేస్తే వాళ్లకీ నాకూ సుఖమని కూర్చున్నాను.

బయల్దేరే ముందు

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప పేరు పైడమ్మ. ఏటా ఊళ్లో అమ్మవారి ఘటం వెనక చెప్పుల్లేకుండా నడిచే మొక్కు ఆవిడది. మొక్కు ఉంది కాబట్టి నడుస్తుందో, నడకంటే ఇష్టం కాబట్టి మొక్కుకుందో నాకిప్పటికీ తెలీదు. ఈ ఏడు ఆవిడ ఎడమ మడమ మీద చింతగింజంత నల్లమచ్చ బయటపడింది. ఎప్పట్నుంచి ఉందో ఎవరికీ తెలీదు. రోజూ అద్దంలో మొహం చూసుకుంటాం గాని అరికాలు చూసుకునేదెవరు?

ఊళ్లో డాక్టరు చూసి మొహం చిట్లించాడు. "అరికాల్లో నల్లమచ్చని తేలిగ్గా తీసుకోకూడదు. ఒక్కోసారి అది క్యాన్సర్ అవుతుంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపిద్దాం" అన్నాడు. అప్ప బల్ల మీంచి దిగి, చీర సర్దుకుని, తిన్నగా ఇంటికొచ్చేసింది.

"నానొల్లను. కత్తి తగిల్తే పాకీసుద్ది. మా ఆడబిడ్డకి ఏటయింది? ముక్క తీసినారు. ఆర్నెల్లు తిరక్కుండా మోసుకుపోనారు."

ఆడబిడ్డ అంటే మా బావ చెల్లెలు. రొమ్ములో గడ్డని చీర కింద దాచుకుని దాచుకుని, ఇక దాగనప్పుడు డాక్టరు దగ్గరికెళ్లింది. ఆలస్యం చేసిన పాపం కత్తి మీద పడింది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా అప్ప చెవికెక్కలేదు. బావ బతిమాలాడు, నేను కేకలేశాను. ఆవిడ బియ్యంలో రాళ్లేరుకుంటూ కూర్చుంది. మాకు రాత్రీ పగలూ అదే బెంగ. మచ్చ మంచిదో చెడ్డదో తెలియాలంటే కత్తి కావాలి. కత్తి అంటే ఆవిడ రాదు.

అప్పుడు మా మేనకోడలు, అంటే అప్ప కూతురు సుజాత, సికింద్రాబాద్ నుంచి ఫోన్ చేసింది. అది సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తోంది. విదేశం నుంచి వచ్చిన ఒక పరికరానికి వీళ్ల కంపెనీవాళ్లే ప్రోగ్రాము రాస్తున్నారట. దాన్ని బొల్లారంలో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గర వాడి చూస్తున్నారట.

"ముక్క తియ్యరు మావయ్యా. మచ్చ మీద లైటు వేసి, లోపల ఏముందో చూస్తారు."

లైటు అన్న మాట వినగానే నేను షాపు తాళాలు తీసి అసిస్టెంటు చేతిలో పెట్టేశాను. అప్ప కూడా, "కత్తి లేదన్నావు కదేటి? అయితే వొస్తాను" అంది. బావ బియ్యం కొట్టు వదిలి రాలేడు కనక మేమిద్దరమే బయల్దేరాం.

అసలే ఆషాఢం. ప్రయాణం ముందురోజు వీధిలో ఆడవాళ్లంతా కూడి గోరింటాకు రుబ్బారు. అప్ప చేతులకి చందమామలు పెట్టి, పాదాలకి వచ్చేసరికి అంచులతో ఆగకుండా మడమలు రెండూ ముద్దతో మెత్తేశారు. గోరింటాకు ఒంట్లో వేడి లాగేస్తుంది, మచ్చక్కూడా మంచిదేనని వాళ్ల నమ్మకం. పొద్దున్న కడిగేసరికి అరికాళ్లు పండిన మిరపకాయల్లా ఉన్నాయి. నేను ముచ్చటపడి ఫోటో కూడా తీశాను. వెలుతురు గురించి అంత తెలిసిన నాకు, ఆ మచ్చ చూపించడానికే కదా వెళ్తున్నాం అన్న సంగతి తట్టలేదు.

రైల్లో

తునిలో ఎక్కిన ఒకావిడ మా ఎదుట కూర్చుంది. చెవులకి పెద్ద దుద్దులు, చేతిలో పనసతొనల పొట్లం. కూర్చోగానే మాకు తలా రెండు తొనలు పెట్టింది. బదులుగా అప్ప స్టీలు డబ్బా తీసి దిబ్బరొట్టె ముక్క, బెల్లం గడ్డ ఇచ్చింది. రైల్లో టీ ఎంత పల్చగా ఉందంటే, గ్లాసు అడుగున రైల్వేవాళ్ల ముద్ర చదువుకోవచ్చు. మా ఊళ్లో ఆ డబ్బుకి టీతో పాటు ఒక గారె వస్తుంది.

ఆవిడ చూపు అప్ప పాదాల మీద పడింది.

"అబ్బ, ఎంత బాగా పండిందండీ! మీ ఆయన మిమ్మల్ని నెత్తిన పెట్టుకుని చూస్తారన్నమాట."

"నెత్తిన కాదమ్మా, కొట్లో పెట్టుకుని సూస్తన్నాడు. బియ్యం తూకం నాదే" అంది అప్ప.

పెట్టెలో అందరూ నవ్వారు. ఆ తర్వాత ఆవిడ, ఏం పని మీద వెళ్తున్నారని అడిగింది. అప్ప ఒక్క క్షణం ఆగి, "కూతురింటికి" అంది. పాదాలు మెల్లిగా చీర కుచ్చెళ్ల కిందికి లాక్కుంది. అంతసేపూ హుషారుగా ఉన్న మనిషి సామర్లకోట దాటేదాకా కిటికీలోంచే చూస్తూ ఉండిపోయింది. మా అప్పకి భయం వేయడం నేను చూడ్డం అదే మొదటిసారి. నేను మిగిలిన పనసతొన పొట్లంలో పెట్టేశాను.

కాప్రా

సికింద్రాబాద్ స్టేషన్ బయట పొద్దున్నే ఇంతమంది ఎక్కడికి వెళ్తున్నారో అనిపిస్తుంది. స్తంభానికొక కంప్యూటర్ కోర్సు బోర్డు. మూడు నెలల్లో నేర్పేస్తాం, ఉద్యోగం గ్యారంటీ అని. తెల్ల వ్యాన్లు మెళ్లో కార్డులు వేసుకున్న పిల్లల్ని ఎక్కించుకుని పోతున్నాయి. ఊరంతా ఏదో పెళ్లికి తయారవుతున్నట్టుంది. ఆటోవాడు కాప్రాకి చెప్పిన రేటు విని అప్ప, "ఆటో కొనమంటన్నాడేటి?" అంది. వాడికి మా యాస అర్థం కాకపోయినా భావం అర్థమై కొంచెం తగ్గించాడు.

సుజాత ఉండేది కాప్రా చెరువుకి దగ్గర్లో, ఒక ఇంటి పై వాటాలో. కింద ఇంటివాళ్లు ఉంటారు. ఇంటావిడ బాలమణి. తరతరాలుగా ఆ ఊరివాళ్లే. పెరట్లో ఇంకా రెండు బర్రెలున్నాయి, గేటు ముందు కారు కూడా ఉంది. మేం దిగామో లేదో పళ్లెంలో సర్వపిండి పట్టుకొచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నెకి తట్టి కాల్చింది. అంచులు కరకరలాడుతున్నాయి. నేను ఇంకోటి అడిగి మరీ తిన్నాను.

"గీ జాగల మేం జొన్నలేసినం అన్నా. గిప్పుడు గజం లెక్క అమ్ముతున్రు. మా ఆయన సుత అమ్ముదమంటడు. బర్రెలేడ కట్టాలె, ఆయన నెత్తి మీదనా?" అంది.

మధ్యాహ్నం అప్ప వండిన గుమ్మడికాయ పులుసు కిందికి పంపితే బాలమణి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏందక్కా, కూరల బెల్లమేసినవ్? తియ్యగుంది, పండగనా ఏంది?" అంది. ఆవిడ పంపిన పచ్చిపులుసు తాగి అప్ప దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంది. సాయంత్రానికి ఇద్దరూ అక్కాచెల్లెళ్లైపోయారు. ఒకళ్ల మాట ఒకళ్లకి సగమే తెలుస్తోంది గాని, ఆడవాళ్ల స్నేహానికి ఆ సగం చాలు.

బొల్లారం

బొల్లారం వెళ్లే దారి నాకు బాగా నచ్చింది. మిలిటరీవాళ్ల గోడలు, పెద్ద పెద్ద చెట్లు, రోడ్డు మీద గళ్లు గళ్లుగా పడే ఎండ. కెమెరా తేనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆటోవాడు మమ్మల్ని ముందు అల్వాల్ తీసుకుపోయి అక్కడ దింపబోయాడు. సుజాత వాడితో ఉర్దూలో గట్టిగా మాట్లాడింది. పార్వతీపురంలో మిక్సీ చప్పుడికి జడుసుకునే పిల్ల ఇంత ఎప్పుడు నేర్చిందో!

డాక్టరమ్మది పాత పెంకుటింట్లో క్లినిక్కు. చిన్న మనిషి, చురుకైన కళ్లు. పరికరం చూడగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. చేతిలో పట్టేంత గొట్టం, చివర గాజుబిళ్ల, చుట్టూ బుల్లి బుల్లి లైట్లు. వెనక తీగ, తీగ చివర కంప్యూటరు.

"చర్మం మీద మెరుపు అడ్డం వస్తది సార్. ఆ మెరుపును ఆపేసే ఫిల్టరుంది దీంట్ల" అన్నారావిడ.

"అద్దాల షాపు ఫోటో తీసేటప్పుడు మేం పెట్టే ఫిల్టరే కదండీ!" అన్నాను. నా గొంతు గది బయటికి కూడా వినపడి ఉంటుంది.

ఆవిడకి కూడా హుషారొచ్చింది. నీలం లైటు చర్మంలోకి కొంచెమే దిగుతుందట. ఎర్రది లోతుకి పోతుందట. చిన్నప్పుడు టార్చిలైటు అరచేతి కింద పెట్టి వేళ్లు ఎర్రగా వెలగడం చూసి మురిసిపోలేదూ, అదే సూత్రం. ఒక్కో రంగు వేసి ఒక్కో ఫోటో తీస్తే మచ్చలోని నలుపు ఎంత లోతులో ఉందో, ఎలా పరుచుకుందో తెలుస్తుంది. వేలమంది మచ్చల బొమ్మలతో కంప్యూటరు దాన్ని పోల్చి చూసి మంచిదైతే ఆకుపచ్చ, అనుమానమైతే ఎరుపు చూపిస్తుంది.

"అరికాలు సంగతి ఇంక ఈజీ" అని ఆవిడ కాగితం మీద గీతలు గీశారు. "మన అరికాలు తోలు దున్నిన పొలం లెక్కుంటది. గట్లు, మధ్యల చాళ్లు. నలుపు చాళ్లల్ల ఉంటే మామూలు పుట్టుమచ్చ. గట్ల మీదికెక్కితే మాత్రం పరేషానే."

నాకింతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు. అప్ప కూడా పొలం అన్న మాట వినగానే కాగితం మీదికి వంగింది.

"జెర కాలు ఇట్ల పెట్టమ్మా" అని డాక్టరమ్మ గొట్టం మడమకి ఆనించారు. తెర మీద బొమ్మ పడింది. గట్లన్నీ ముదురురంగులో ఉన్నాయి. వరసగా, ఒక్కటీ వదలకుండా. కంప్యూటరు తెర అంచు ఎర్రబడింది. సుజాత నా చెయ్యి పట్టుకుంది. దాని గోళ్లు దిగుతున్నా నాకు తెలీలేదు. అప్పకి తెర కనపడటం లేదు గాని మా మొహాలు కనపడుతున్నాయి.

డాక్టరమ్మ తల కొంచెం పక్కకి వంచి, "రెండో కాలు" అన్నారు.

"అందులో మచ్చ నేదమ్మా" అంది అప్ప.

"తెలుసు. పెట్టు."

కుడి మడమ మీద గొట్టం ఆన్చారు. గట్లన్నీ అదే రంగు. తెర అంచు మళ్లీ ఎరుపు. ఏ మచ్చా లేని మడమ కూడా క్యాన్సరేనంటోంది కంప్యూటరు.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "ఏందమ్మా, గోరింటాకా? ఆషాఢం కదా, నేను సుత మరిచిపోయిన!"

గోరింటాకు రంగు గట్లకే పడుతుందట. గట్లని పట్టుకుని, చాళ్లని వదిలేస్తుందట. అంటే అచ్చంగా చెడ్డ మచ్చ వేషమే. సుజాత తల పట్టుకుంది. "మా ప్రోగ్రాము చూసిన కాళ్లన్నీ విదేశాలవే మావయ్యా. గోరింటాకు అంటే ఏంటో దానికి తెలీదు." వేల మచ్చలు చదివిన కంప్యూటరు మా వీధి ఆడవాళ్లు రుబ్బిన ముద్ద దగ్గర బోల్తా పడింది. నాకు నవ్వూ వచ్చింది, నీరసమూ వచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత లైటు వేసి, తెలిసింది గోరింటాకు బాగా పండిందని!

"రంగంతా చచ్చిన పైతోలులనే ఉంటది. బ్లేడుతోని పల్చగా గీకితే..." అని డాక్టరమ్మ అనేలోపే అప్ప కాళ్లు పైకి లాగేసుకుంది.

"సరే, గీకను. వేడి నీళ్లల్ల నానబెట్టి, రాయితోని రోజూ మెల్లగ రుద్దు. పుండు చేసుకోకు. వారమయినంక రా. కానీ ఒక్క మాట." ఆవిడ నవ్వు ఆపేశారు. "అప్పుడు సుత గట్ల మీద రంగుంటే నేను ముక్క తియ్యాల్సిందే. లైటు దారి చూపిస్తది అంతే. లైటుకు అనుమానమొస్తే కత్తి తప్పదు. ఒప్పుకుంటవా?"

అప్ప చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

మోండా మార్కెట్

సంగతి విని బాలమణి కొంగు బిగించింది. "గింత దానికి రంధి ఎందుకక్కా? మోండాకి పోదాం పా. కాళ్లు రుద్దే రాయి, కుంకుడుకాయలు, చింతపండు, అన్నీ ఆడనే."

మోండా మార్కెట్లో ఏది లేదో చెప్పడం తేలిక. కూరగాయలు గుట్టలు, ఇత్తడి సామాన్లు, చీపుళ్లు, పసుపు కొమ్ములు. దానికి తోడు బోనాల రోజులు కావడంతో మట్టి కుండలు, వేపమండలు సందులన్నీ కమ్మేశాయి. నేను కళ్లు తిప్పుకోలేకపోయాను. పైన చిల్లుల రేకుల్లోంచి దిగుతున్న వెలుతురు టమాటాల మీద, దుమ్ము మీద, ఆడవాళ్ల గాజుల మీద పడుతోంది. చూస్తూ వెనక్కి నడిచి ఒక చింతపండు బుట్టలో కూర్చున్నాను. బుట్టావిడ నన్ను తిట్టిన తిట్లు సగం తెలుగు, సగం ఉర్దూ. చింతపండు కొనక తప్పలేదు. ధర మా ఊరి కన్నా ఎక్కువే, అందులో నేను కూర్చున్నందుకు కలిపింది కూడా ఉండొచ్చు.

"కొన్నది బానే ఉంది గాని, నువ్వు కూకున్న ముక్క నా కాలికి రాయకు" అంది అప్ప. రెండు రోజుల తర్వాత ఆవిడ వేసిన మొదటి జోకు అది.

రోజూ పొద్దున్నా సాయంత్రం మేడ మెట్ల మీద అప్ప కాళ్లు బకెట్లో పెట్టుకునేది. బాలమణి కింది మెట్టు మీద కూర్చుని రాయితో రుద్దేది. వద్దంటే వినదు. "నా బర్రెల్ని తోముత, నిన్ను తోమొద్దా?" అనేది. ఎరుపు నారింజ అయింది, నారింజ పసుపైంది. మచ్చ మాత్రం కదల్లేదు. రంగు తగ్గేకొద్దీ అదే ఇంకా నల్లగా కనపడసాగింది. నేను రోజూ వంగి చూసి, ఏమీ అనకుండా లేచేవాణ్ణి.

ఆదివారం

బోనాల ఆదివారం బాలమణి ఇల్లంతా తెల్లవారకముందే లేచింది. కొత్త కుండకి పసుపు, కుంకుమ, వేపమండలు. లోపల బెల్లం కలిపిన అన్నం, పైన దీపం. మా ఊరి ఘటానికి ఇది తోబుట్టువే అనిపించింది. తేడా ఏమిటంటే మా దగ్గర అమ్మవారి ఘటం ఇంటింటికీ వస్తుంది. ఇక్కడ ఇంటింటి నుంచీ అమ్మ దగ్గరికి బోనం వెళ్తుంది. డప్పులు మాత్రం ఎక్కడైనా ఒకటే. వినగానే నా కాళ్లు ఆగలేదు. సుజాత సిగ్గుపడి అటు తిరిగింది.

బయల్దేరే ముందు బాలమణి గిన్నెలో పసుపు కలిపి ఆడవాళ్లందరి పాదాలకి రాస్తూ వచ్చింది. అప్ప దగ్గర కూర్చుని చెయ్యి చాపింది. అప్ప గబుక్కున వెనక్కి జరిగింది.

"ఒద్దు! ఒద్దు సెల్లీ! లైటుకి పనికిరాదు."

అందరూ చూశారు. ముత్తయిదువ, పండగపూట, పాదాలకి పసుపు వద్దనడం! అప్ప మొహం చిన్నబోయింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడ పాదాలకి పసుపు లేని శుక్రవారం నేను ఎరగను. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. బాలమణి గిన్నె కింద పెట్టి, ఆ చేత్తోనే అప్ప రెండు బుగ్గలకీ పసుపు రాసేసింది.

"కాళ్లు డాక్టరమ్మవి. మొఖం అమ్మోరిది. నడువ్."

బాలమణి బోనమెత్తుకుని నడుస్తుంటే దారిలో ఇంటింటివాళ్లూ బిందెలతో ఆమె పాదాల మీద నీళ్లు పోశారు. అప్ప పక్కనే నడిచింది, మడమకి ఏ రంగూ అంటకుండా చెప్పులు వేసుకుని. అమ్మవారి వెనక ఆవిడ చెప్పులతో నడవడం అదే మొదలు. గుడి ముందు ఆగి, కళ్లు మూసుకుని చాలాసేపు ఏదో గొణుక్కుంది. ఏం మొక్కుకున్నావంటే, "నీకెందుకు?" అంది.

మళ్లీ బొల్లారం

డాక్టరమ్మ ముందు కుడి మడమ మీద గొట్టం పెట్టారు. గట్లు శుభ్రంగా ఉన్నాయి. తెర అంచు ఆకుపచ్చ. "బాగ రుద్దిన్రు" అన్నారు. తర్వాత ఎడమ మడమ. ఈసారి నేను తెర వైపు చూడలేకపోయాను. ఎంతమంది మొహాల్లోకి తొంగిచూసినవాణ్ణో, గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. లైట్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతున్న చిన్న టిక్కుటిక్కు చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు.

"ఇటు తిరుగమ్మా. నువ్వే చూసి చెప్పు" అని డాక్టరమ్మ తెర అప్ప వైపు తిప్పారు.

అప్ప కళ్లజోడు పెట్టుకుని ముందుకి వంగింది. నేనూ అప్పుడు చూశాను. తెల్లటి గట్లు, వాటి మధ్యలో సన్నగా నల్లటి గీతలు.

"సాళ్లలో నీల్లు పారినట్టుంది" అంది అప్ప.

"గట్ల మీద ఏమన్నుందా?"

అప్ప ఇంకొంచెం వంగింది. ఒక్కో గట్టూ వేలితో తడుముతూ పోయింది, బియ్యంలో రాళ్లేరినట్టు.

"నేదు."

"అంతే మరి. మామూలు పుట్టుమచ్చ. పో, హాయిగ నడువ్."

తెర అంచు ఆకుపచ్చగా వెలిగింది. ఆ ఆకుపచ్చని నేను మర్చిపోలేను. కత్తి లేదు, కుట్టు లేదు, ఒక్క చుక్క రక్తం లేదు. నేను డాక్టరమ్మకి దణ్ణం పెట్టి, సుజాతకి దణ్ణం పెట్టి, ఆ ఊపులో కంప్యూటరుకి కూడా పెట్టేశాను. సుజాత నవ్వుతూ ఏడ్చేసింది.

అప్ప మాత్రం కదల్లేదు. తెర కేసి చూస్తూనే, "మా ఆడబిడ్డకి ఈ లైటేసి సూసుంటే..." అంది.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "ఈ లైటు తోలు మీది మచ్చలకేనమ్మా. లోపలి గడ్డలకు కాదు. ఆమె తొందరగ వచ్చుంటే, ఆ కత్తే ఆమెను బతికిస్తుండెనేమో."

అప్ప కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇయ్యాల గట్ల మీద రంగుంటే కాలు నీకిచ్చీద్దునమ్మా. ఆదివారం అమ్మోరికి సెప్పీసినాను."

గుడి ముందు గొణుక్కున్నది అదన్నమాట. నేను ఇన్నాళ్లు కేకలేసి సాధించలేనిది, ఆవిడ చెప్పులతో నిలబడి, తనంతట తానే ఒప్పేసుకుంది.

బయల్దేరబోతుంటే డాక్టరమ్మ నాకొక పని అప్పజెప్పారు. ఆర్నెల్లకోసారి ఆ మచ్చని ఒకే దూరంలో, ఒకే లైటులో ఫోటో తీసి పంపాలి. ఏమైనా మారితే వెంటనే రావాలి. పెళ్లి ఫోటోలకి కూడా నేను ఇంత గర్వంగా ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం కాప్రా చెరువు గట్టు మీద నలుగురం మొక్కజొన్న పొత్తులు తిన్నాం. బాలమణి ఇంకా ఎక్కువ కారం రాయించింది. అప్ప దగ్గలేదు.

ఇంటికి

ఆషాఢం ఇంకా నాలుగు రోజులుండగానే ఊరు చేరాం. వీధిలో ఆడవాళ్లు మళ్లీ గోరింటాకు రుబ్బి అప్ప వాకిట్లో చేరారు. తెల్లగా రుద్దిన పాదాలు చూసి, ఇదేం అశుభమని గోల పెట్టారు. అప్ప గిన్నె లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"ముందు కాళ్లు సూపించండి. అరికాలు సూడకుండా ఎవులికీ పెట్టను."

ఒక్కొక్కళ్లూ సిగ్గుపడుతూ, చక్కిలిగింతలకి నవ్వుతూ కాళ్లు చాపారు. అప్ప కళ్లజోడు పెట్టుకుని, నా స్టూడియోలోంచి తెప్పించిన టేబుల్ లైటు దగ్గరికి లాక్కుని, అరికాలు, వేళ్ల సందులు, గోళ్ల కింద అన్నీ చూసింది. అందరికన్నా ముందు చూసింది పోయిన ఆడబిడ్డ కూతుర్ని. ఆ పిల్ల పాదం చాలాసేపు వదల్లేదు. చివరికి తన మడమకీ పెట్టించుకుంది, మచ్చ చుట్టూ రూపాయంత చోటు వదిలేసి. "మచ్చేటైనా అనుమానంగా ఉంటే దాసుకోకండి. లైటుంది. అవసరమైతే కత్తుంది" అని అందరికీ వినపడేలా చెప్పింది. ఆ రెండో మాట అప్ప నోట వినడానికి నేను సికింద్రాబాద్ కన్నా దూరమైనా వెళ్లేవాణ్ణి.

అందరూ వెళ్లాక లైటు తీసుకుపోదామని వెళ్లాను. అప్ప నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీ కాలు సూపించు."

"మగాళ్లకి గోరింటాకు లేదు కదప్పా."

"గోరింటాకు నేపోతే అరికాలు నేదేటి?"

మెట్టు మీద కూర్చుని కాలు ఆవిడ ఒళ్లో పెట్టాను. ఇన్నేళ్లూ నేను ఊరందరి మీదా లైటు వేశాను గాని నా మీద ఎవరూ వెయ్యలేదు. అప్ప కొంగుతో తుడిచి తుడిచి, అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఎంతసేపటికీ ఏమీ అనదు. నేను లైటు ఇంకాస్త దగ్గరికి జరిపాను.

"ఏముందప్పా?"

"మట్టుంది. బేగి కడుక్కురా, మళ్లీ సూస్తాను."